మాట్లాడగలిగినంత వేగం

మార్చి 2, ఆదివారం

పదింటికి ఆరాధన. సగం కుర్చీలు ఖాళీ. కీబోర్డు మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. దాన్ని వాయించాల్సింది నా కూతురు వెనేరా. ఆమె, ఆమె వెనకే మన సంఘపు పిల్లలు ఐదుగురు, సరిగ్గా ఆ సమయానికి కొండవాగు పక్క బాట మీద పరుగెత్తుతున్నారు. ఆదివారం ఉదయం! ఎవరూ తరమకుండానే!

వాద్యం లేని పాట ముసలమ్మల గొంతుల్లో ఎటో వెళ్ళిపోయింది. యోనా గురించి నిప్పులు కురిపించాను. దేవుడు పిలిస్తే వ్యతిరేక దిక్కుకి పరుగు తీసినవాడు. వినాల్సినవాళ్ళు మాత్రం లేరు.

ఆమేన్ అనగానే కోటు తగిలించుకుని బాట దగ్గరికి వెళ్ళాను. ముప్ఫైమంది ఫ్లాస్కుల్లోంచి టీ తాగుతున్నారు. వాళ్ళ నాయకురాలు కురలై. ఒకప్పుడు పోటీల్లో పరుగెత్తిన మనిషి. మెడలో స్టాప్‌వాచ్, ఒంట్లో కండ తప్ప మరేం లేదు.

"అమ్మా, నా గొర్రెల్ని నాకు ఇచ్చెయ్యి" అన్నాను.

"ఇక్కడ గొర్రెలేం లేవు అగా. అందరికీ రెండేసి కాళ్ళే." పెద్దవాణ్ణని కజాఖ్ మర్యాదలో అగా అంటూనే వెటకారం!

అందరూ నవ్వారు. వెనేరా బూటు తాడు కట్టుకోవడానికి వంగి, మళ్ళీ లేవలేదు.

"ఈ ఆదివారం పరుగు శనివారానికి మార్చు."

"శనివారం సగంమందికి డ్యూటీలు. అయినా మారుస్తా. ఒకటే షరతు. ఏప్రిల్ ఇరవై ఏడున హాఫ్ మారథాన్ ఉంది. మాతో పరుగెత్తి గీత దాటండి. దాటలేదనుకోండి, మీరే మీ ఆరాధన సాయంత్రానికి మార్చుకోవాలి."

"ఎంత దూరం?"

"ఇరవై ఒకటి."

"ఇరవై ఒకటి ఏమిటి?"

మళ్ళీ నవ్వారు. చెయ్యి కలిపేశాను.

భయమా? నాకా? ఏలీయా నడుం బిగించి, వానలో రాజు రథం కంటే ముందు పరుగెత్తాడు. ఆయనకి కోచ్ ఎవరు? ఆయన బూట్లు ఏ కంపెనీవి? నేను ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి. లిఫ్టు లేని భవనంలో పై అంతస్తు దాకా ఫ్రిజ్ వీపున మోసినవాణ్ణి.

తీర్మానాలు:
మంగళ, గురువారాలు ఉదయం ఆరింటికి పరుగు.
నూడిల్స్ బంద్. రొట్టె బంద్. పంది కొవ్వు బంద్.
గీత దాటుట!!!

మార్చి 4, మంగళవారం

మహిమ! ఈ మాట తప్ప వేరే మాట లేదు.

మొదలుపెట్టే ముందు కురలై నన్ను పక్కకి పిలిచింది. "అగా, మీకు ఒకటే నియమం. దారంతా మాట్లాడగలిగినంత మెల్లగా పరుగెత్తండి. మాట ఆగిందంటే వేగం ఎక్కువైందని అర్థం."

దారంతా మాట్లాడాలి! ముప్ఫై ఏళ్ళుగా నేను చేస్తున్నది మరేమిటి? ఏ వేదాంత కళాశాలా నాకు నేర్పలేదు, ఏ బిషప్పూ నా తలమీద చెయ్యి పెట్టలేదు. చివరికి ఒక కజాఖ్ ఆడకూతురు నా పిలుపుని స్టాప్‌వాచ్ చూసి ఖాయం చేసింది.

గేటు దగ్గర సృష్టితో మొదలుపెట్టాను. మొదటి వంతెన దగ్గరకి జలప్రళయం. పక్కన సబీత్ అని, బ్యాంకులో పనిచేసే కుర్రాడు.

"అగా, కాస్త ఊపిరి తీసుకోండి."

"నాకు ఊపిరి ఊదినవాడే ఇస్తాడులే బాబూ. ఇంతకీ నోవహు కిటికీ తెరిచి..."

ముప్ఫైమంది ఒగరుస్తున్నారు. ఎదురు చెప్పడానికి ఎవరి దగ్గరా ఊపిరి లేదు. ఇంతకంటే మంచి సంఘం ఏ బోధకుడికి దొరికింది?

మధ్యాహ్నం నీళ్ళలో ఉడికించిన క్యాబేజీ. ఏమీ అనిపించలేదు. దానియేలు కూడా కూరగాయలే తిన్నాడు.

మార్చి 11, మంగళవారం

రెండో వంతెన దగ్గర గుంపు నన్ను దాటి ముందుకు వెళ్ళిపోయింది. సొదొమ మీద అగ్ని కురుస్తున్న ఘట్టంలో!

తిరిగొచ్చాక కురలై స్టాప్‌వాచ్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "ఇది పాడైందో ఏమో. అందరికీ వేగం పెరిగింది."

పాడవలేదు తల్లీ. వాక్యం పనిచేస్తోంది.

మార్చి 13, గురువారం

సబీత్ సాక్ష్యం, అతని మాటల్లోనే: "అగా, మీరు వెనకాల నరకం గురించి మొదలెట్టగానే నా కాళ్ళు వాటంతటవే లేచిపోయాయి. ఇంత వేగం నాకు ఎప్పుడూ రాలేదు."

మారుమనస్సుకి ఇది మొదటి మెట్టు.

వెనేరా ఇంటికొచ్చి, "నాన్నా, పరుగెత్తేటప్పుడు నువ్వు కొంచెంసేపు ఊరుకుంటే బావుంటుందేమో" అంది. కోచ్ నియమం చదివి వినిపించాను. తల పట్టుకుంది. యౌవనం.

మార్చి 22, శనివారం

నౌరీజ్, ఇక్కడి కొత్త ఏడాది పండగ. పక్కింటి కజాఖులు పిలిచారు. గుర్రం మాంసం, దాని కింద పలచటి పిండి ముక్కలు, నూనెలో పొంగిన బావుర్సాకుల కుప్ప.

పందెం ముందు పిండి పదార్థాలు బాగా తినాలని కురలై స్వయంగా చెప్పింది. ఎంత ముందో చెప్పలేదు. నేను అడగలేదు.

పైగా ఆతిథ్యం తిరస్కరించడం పాపం. అబ్రాహాము దూడని కోసి వండి పెడితే, ఆ ముగ్గురు అతిథులూ "మేం డైటింగులో ఉన్నాం" అన్నారా?

రెండో పళ్ళెం కూడా. మంచి మనుషులు.

మార్చి 25, మంగళవారం

వాన. వెళ్ళలేదు.

(ఏలీయా వానలోనే పరుగెత్తాడని క్లారా గుర్తుచేసింది. భార్యతో వాక్యం గురించి వాదించకూడదు. ఓడిపోతాం.)

మార్చి 27, గురువారం

మోకాలు. యాకోబు దేవదూతతో పెనుగులాడి తొడ గూడు తొలిగి కుంటాడు. ఆయన్ని ఎవరూ మర్నాడు ఆరింటికి రమ్మనలేదు. మంచం మీదే పడుకుని ఆత్మలో పరుగెత్తాను. చాలా దూరం.

ఏప్రిల్ 5, శనివారం

హన్సిక్. తాతల కాలంలో ఈ దేశానికి తరలించిన మా కొరియా వాళ్ళంతా సమాధుల దగ్గరికి వెళ్ళే రోజు. నాన్న సమాధి చుట్టూ గడ్డి పీకి, దుప్పటి పరిచి, పళ్ళేలు పెట్టారు. చనిపోయినవాళ్ళకి భోజనం పెట్టడం అన్యాచారమని ప్రతి ఏడాదిలాగే ఖండించాను. ఖండించాక, వృథా చేయడం కూడా పాపమే కాబట్టి తిన్నాను. ఆవిరిమీద ఉడికిన బన్నులు. పంది మాంసం. మళ్ళీ బన్నులు.

దుప్పటిమీంచి లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

"ఏలీ యాజకుడు గుర్తున్నాడా త్రోఫీమ్?" అంది క్లారా, అందరి ముందూ. "కుర్చీలోంచి వెనక్కి పడి మెడ విరిగింది. ఎందుకు విరిగిందో కూడా రాసుంది వాక్యంలో. మనిషి బరువంట."

సమాధుల మధ్య అంత నవ్వు ఎప్పుడూ వినలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

మళ్ళీ వెళ్ళాను! దేవునికి స్తోత్రం!

కురలై నన్ను చూడగానే, "అగా, ఎక్కడికి పోయారు? మీరు రాని రోజుల్లో వీళ్ళంతా పెళ్ళి ఊరేగింపులా నడిచారు. మీరు వెనకే ఉండండి. మాట్లాడుతూనే ఉండండి" అంది.

కాపరి స్థానం మంద వెనకే. ఇంత గౌరవం నాకు ఏ సంఘమూ ఇవ్వలేదు.

ప్రకటన గ్రంథం మొదలుపెట్టాను. మూడో ముద్ర విప్పేసరికి ఒక్కరూ కనపడలేదు. ముందుకి నేనూ, వాగూ. ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది. ఇవాళ నిజంగా ఎంత పరుగెత్తానో చేతికున్న పరుగు గడియారం చెప్పబోయింది. తీసి జేబులో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 20, పునరుత్థాన ఆదివారం

ఆరుగురూ వచ్చారు! వెనేరా కీబోర్డు మీది గుడ్డ తీసింది. ముసలమ్మల పాట మళ్ళీ దారిలో పడింది. నేను అందరికంటే గట్టిగా పాడాను.

ఖాళీ సమాధి దగ్గరికి పేతురు, యోహాను పరుగెత్తిన ఘట్టం తీసుకున్నాను. యోహాను ముందు చేరాడు. అయినా లోపలికి మొదట వెళ్ళింది వెనకబడినవాడే! ఈ ఒక్క మాట మీద గంటకు పైగా. మధ్యలో చూస్తే ఆరుగురి కాళ్ళూ కుర్చీల కింద ఆడుతున్నాయి. ఆరుగురూ పరుగు బూట్లలోనే వచ్చారు.

వచ్చే ఆదివారం గీత దాటితే చాలు. ఆ కాళ్ళు ప్రతివారం ఇక్కడే ఉంటాయి. ప్రభువా, ఒక్క ఇరవై ఒకటి!

ఏప్రిల్ 26, శనివారం

పందెం ముందు పిండి పదార్థాలు. ఈసారి సందేహమే లేదు, ఇది ముందే. చల్లటి నూడిల్స్ సూపు, పెద్ద గిన్నె. ఇంకో గిన్నె.

రేపటి ఆరాధన ముసలమ్మలకి అప్పగించాను.

"ఆదివారం ఉదయం ఆరాధన ఎగ్గొట్టి పరుగుకి వెళ్తున్నావన్నమాట" అంది క్లారా.

"ఇది వేరు."

"వాళ్ళూ అదే అన్నారు."

ఏప్రిల్ 27, ఆదివారం

ఉదయం: ఛాతీ మీద నంబరు చీటీ! ఆకాశం నిర్మలం! మంచు కొండలు సాక్షులు!

సాయంత్రం: రాయాలని లేదు. రాస్తాను.

తుపాకి పేలింది. పేలుడు ఆగకముందే మా గుంపు ముప్ఫైమందీ మాయం. సృష్టి మొదటి రోజు కూడా పూర్తి చేయలేదు నేను. వెనక ఎవరూ లేరు, పక్కన ఎవరూ లేరు. ఎవరికి చెప్పాలి? చెట్లకి చెప్పాను. నాలుగో కిలోమీటరు దగ్గర మాట ఆగింది. నియమం ప్రకారం వేగం తగ్గించాను. అప్పటికే నడుస్తున్నాను. ఇంకా తగ్గిస్తే నిలబడ్డమే.

తొమ్మిదో కిలోమీటరు. చల్లటి సూపు వేడెక్కి లేచింది. రోడ్డు పక్కన చేయాల్సింది చేశాను. అప్పుడు వెనకనుంచి వచ్చింది, వెనకబడినవాళ్ళని ఏరుకొచ్చే బస్సు.

లోపల పిక్క పట్టేసిన ఒక గుమాస్తా, వేళ్ళు పుండ్లైన ఇద్దరు కాలేజీ పిల్లలు, తలకి రుమాలు కట్టుకున్న ఒక పెద్దమ్మ. అందరి మొహాల్లో ఓటమి. నాకు ఊపిరి తిరిగొచ్చింది. ఊపిరితోపాటు వాళ్ళ ఆత్మల భారం. లేచి నిలబడ్డాను.

"సహోదరులారా! మనమంతా ఈ బస్సులో ఎందుకున్నాం? పాపం వల్ల!"

ఓడ తలుపు మూసుకునేదాకా వచ్చానో లేదో, పెద్దమ్మ లేచింది. "డ్రైవర్ బాబూ, ఆపు. నేను నడుస్తా."

"ఎక్కినవాళ్ళు మళ్ళీ దిగితే లెక్కలోకి రాదు పెద్దమ్మా."

"లెక్క నువ్వే ఉంచుకో. నా చెవులు నాకు మిగలనీ."

ఆమె వెనక గుమాస్తా దిగాడు, కుంటుతూ. పిల్లలిద్దరూ బూట్లు చేత పట్టుకుని దిగారు. అద్దంలోంచి చూస్తే నలుగురూ కలిసి పరుగెత్తుతున్నారు!

డ్రైవర్ అద్దంలో నన్ను చూశాడు. "నా వంక చూడకండి అయ్యగారూ. నేను దిగలేను, స్టీరింగ్ ఉంది." రేడియో గొంతు పెంచాడు.

గీత దగ్గర సంబరం. సబీత్ పాత సమయం కంటే బాగా ముందొచ్చాడట. అందరూ అంతేనట. కురలై నా రెండు చేతులూ పట్టుకుని, "అగా, ఇదంతా మీ చలవే" అంది. వెటకారం లేదు. అదే బాధ.

వెనేరా పతకంతో వచ్చింది. మొహం ఎర్రగా, చెమటలో మెరిసిపోతోంది. ఆ వెలుగు కీబోర్డు దగ్గర నేనెప్పుడూ చూడలేదు.

"ఎంత దూరం వచ్చావు నాన్నా?"

"తొమ్మిది."

"తొమ్మిదా! నిజంగానా?" తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది. నవ్వలేదు. నవ్వినా బావుండేది.

ఓడిపోయాను. ఆరాధన ఇక సాయంత్రానికే.

ఏప్రిల్ 28, సోమవారం

మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని వెనక్కి దిగాను. ఫ్రిజ్ మోయలేనని ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాను.

క్లారా బజారులో తన సలాడ్ల కొట్టు కట్టేసి వచ్చింది. ఏదో వినే వచ్చిందని మొహం చూడగానే తెలిసింది.

"ఆ బస్సు పెద్దమ్మ నా దగ్గరే క్యారెట్ సలాడ్ కొంటుంది" అంది. "కుంటివాళ్ళని లేపి నడిపించావంట. గొప్ప అద్భుతమే."

"ఎగతాళి చెయ్యకు."

"ఎగతాళి కాదు త్రోఫీమ్. ముప్ఫైమంది నీ నోరు తప్పించుకోవడానికి పరుగెత్తి పతకాలు తెచ్చుకున్నారు. మన పిల్లలు ఆదివారంపూట పరుగు కోసం పోయారనుకుంటున్నావు నువ్వు. ఎవరినుంచి పోయారో ఎప్పుడైనా అడిగావా?"

దీనికి జవాబు వాక్యంలో ఉండి తీరాలి. తెరిచాను. ఎక్కడ తెరిచినా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. మూశాను.

క్యాబేజీ లేదు. రాత్రి ఏమీ తినలేదు. తీర్మానం వల్ల కాదు.

మే 4, ఆదివారం

సాయంత్రం ఆరింటికి, మొదటిసారి. ఎవరూ రారనుకున్నాను. కుర్చీలు కూడా పూర్తిగా వెయ్యలేదు.

ఆరుగురూ వచ్చారు! పొద్దున్న ఎంత దూరం పరుగెత్తారో, తడి తలలతో, మోకాళ్ళు పట్టుకుని వచ్చి బస్తాల్లా కూలబడ్డారు. సబీత్ కూడా వచ్చాడు, ఆ బ్యాంకు కుర్రాడు! మాట్లాడే నేనూ, వినే తనూ కదలకుండా ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాడట.

పావుగంటలో ముగిస్తానని క్లారాకి మాటిచ్చాను. మొదలుపెట్టాను. పావుగంట అయింది. చూశాను. ఒక్కరూ లేవడం లేదు. లేవలేరు! ఆ కాళ్ళలో ప్రాణం లేదు! నాకు వెంటనే అర్థమైంది, ఇది దేవుని ఏర్పాటు. కురలైకి చెప్పి ఆదివారం దూరం ఇంకా పెంచమనాలి. నిర్గమం మొత్తం చెప్పాను. పది తెగుళ్ళూ, ఒక్కటీ వదలకుండా.

ఎర్ర సముద్రం దగ్గర ఏదో ఒకే స్వరం, సన్నగా, ఆగకుండా మోగుతోంది. దర్శనమేమో అనుకుని చేతులెత్తాను. కాదు. వెనేరా కీబోర్డు మీద తల వాల్చి నిద్రపోయింది. నుదురు ఒక మీట మీద ఉంది. మిగతా ఐదుగురూ నిద్రే. సబీత్ గురక.

పౌలు ప్రసంగిస్తుంటేనే ఒక కుర్రాడు నిద్రపోయి మూడో అంతస్తు కిటికీలోంచి కింద పడ్డాడు. మాది నేల అంతస్తు. స్తోత్రం.

ఆమేన్ అనలేదు. అంటే లేస్తారు. ముసలమ్మలకి చేత్తోనే సైగ చేసి పంపించాను. కీబోర్డు స్విచ్ కట్టేసి, నా కోటు వెనేరా మీద కప్పాను. గది నిశ్శబ్దమైంది. నేను మాట్లాడకుండా ఈ గది ఎలా ఉంటుందో ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాను. క్లారా తలుపు దగ్గర నిలబడి నన్నే చూసింది.

తీర్మానాలు:
శరత్కాలంలో ఇంకో హాఫ్ మారథాన్ ఉందట. చేరుతున్నాను. మంగళవారం ఉదయం ఆరింటికి మొదలు.
నూడిల్స్ బంద్. బన్నులు బంద్.
మొదటి కిలోమీటరు నోరు విప్పను. రెండో కిలోమీటరు సంగతి, దేవుని చిత్తం.