ఆ రెండేళ్ళూ ఏం చేశారు?

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, అక్కా, బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కళ్ళు మసకలు కమ్ముతున్నాయని రాశావు కనుక అక్షరాలు పెద్దవి చేసి రాస్తున్నాను. ఈ ఉత్తరం అక్క చేత చదివించుకోకు. నిదానంగా నువ్వే చదువు.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. మా గదిలో నలుగురం సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లం, నలుగురికీ పని లేదు, కాబట్టి వంటకు మనుషుల కరువు లేదు. ఉన్నది ఒక్క బల్ల. ఎవరికి వీడియో ఇంటర్వ్యూ ఉంటే వాళ్ళు పైన ఇస్త్రీ చొక్కా, కింద పాత నిక్కరుతో దాని ముందు కూర్చుంటారు. మిగిలిన ముగ్గురం దగ్గు బిగబట్టుకుని మెట్ల మీద కూర్చుంటాం.

ఇంత చదివీ ఇన్నాళ్ళూ ఉద్యోగం ఎందుకు రాలేదని బావగారు అడిగారన్నావు. చదువు అవగానే నాన్న మంచం పట్టారు కదా, ఉద్యోగాలకు పంపే నా కాగితంలో అక్కడ రెండేళ్ళ ఖాళీ ఉంది. నా పనితనం ఎవరూ చూడరమ్మా, ముందు ఆ ఖాళీనే చూస్తారు. "ఆ రెండేళ్ళూ ఏం చేశారు?" "నాన్నకు బాగోలేదండీ, చూసుకున్నాను." "అయ్యో పాపం. సరే, కబురు చేస్తాం." ఆ కబురు ఇంతవరకూ రాలేదు. అనుభవం ఉంటే గానీ ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం ఇస్తే గానీ అనుభవం రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదన్న సామెత మా కోసమే పుట్టినట్టుంది.

గదిలో అందరికంటే పెద్దాయన్ని గురువుగారంటాం. ఆయనకూ ఉద్యోగం లేదనుకో. "నిజం చెప్పి ఏం బావుకున్నావురా? మూతపడ్డ కంపెనీ ఏదో చూసి, ఆ రెండేళ్ళూ అక్కడ చేశానని రాసెయ్. మూసేసిన తలుపు ఎవడు తట్టి చూస్తాడు?" అన్నారు. రాసేశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఫోన్‌లో చెబుదామని చేసి, భోజనం అయిందా అని అడిగి పెట్టేశాను. ఎప్పుడు చేరతావు, కంటి ఆపరేషన్ మీ కంపెనీయే చేయిస్తుందట కదా అని రాశావు. వచ్చిందని నీకు రాసిన ఆ ఉద్యోగం పోయిందమ్మా.

ఇంటర్వ్యూలో అడిగిన ప్రోగ్రాం చకచకా రాశాను. చివర్లో అవతలి పెద్దాయన నవ్వుతూ, "నాన్నగారు ఏం చేస్తుంటారు?" అన్నారు. పోయారంటే ఎప్పుడంటారు, ఎలాగంటారు. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. "రిటైరయ్యారండీ, బాగున్నారు" అన్నాను. నోరు జారలేదు, తెలిసే అన్నాను. ఉద్యోగం ఇచ్చారు.

మొన్న ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మగారినీ నాన్నగారినీ ఇన్సూరెన్స్‌లో చేరుస్తున్నామండీ. నాన్నగారి పుట్టినతేదీ చెప్తారా?"

తేదీ నాలిక చివరే ఉంది. చెప్పేస్తే నీ ఆపరేషన్ అయిపోయేది. నాన్న పేరున కూడా ఒక కార్డు వచ్చేది, ఆయనకు కావలసినప్పుడు లేని కార్డు. నా వల్ల కాలేదు. "నాన్న లేరండీ" అన్నాను. మొదలుపెట్టాక ఇక ఆగలేదు. ఏ కంపెనీలోనూ చేయలేదని, ఆ రెండేళ్ళూ ఆయనకు అన్నం కలిపి పెట్టానని, ఒళ్ళు తుడిచానని, అంతా కక్కేశాను. ఆ అమ్మాయి "అయ్యో" అంది. సాయంత్రానికి ఉద్యోగం రద్దయినట్టు మెయిల్ వచ్చింది.

"నీ అంత వెర్రివాడు ఉండడురా" అన్నారు గురువుగారు. కావచ్చు. నా కళ్ళ కంటే నీ నిజం ఎక్కువైందా అని నువ్వు అడగొచ్చు. తిట్టు, పడతాను. మళ్ళీ వెతుకుతాను.

ఒక్క మాట మాత్రం నీకే చెబుతున్నాను. నాన్న బాగున్నారని ఆ పెద్దాయనతో అన్నాను చూడు, అలా అన్నప్పుడు, అమ్మా, నాకెంత హాయిగా అనిపించిందో.

ఇట్లు,
నీ చిన్నోడు