వాయించకూడని వాల్ట్జ్

1 నవంబరు 1987, ఆదివారం

పునీతుల పండుగ. సమాధిమీద చామంతులు పెట్టి వచ్చాం. మోకాళ్ళు లాగేస్తున్నాయి.

మా ఆయన పోయి పది నెలలు. మా సంచారుల ఆచారం ప్రకారం ఆయన కారవాను బండి, బట్టలు, గిటారు అప్పుడే కాల్చేశాం. ఆయన పేరు ఎవరూ పలకరు. ఆయన కట్టిన వాల్ట్జ్ బాణీ ఎవరూ వాయించరు. నేను సరేననేదాకా మా బళ్ళమధ్య ఏ తీగా మోగకూడదు. ఆయన పెళ్ళాన్ని, ఇంటికి పెద్దని నేనే కదా, ఆ మాట నా నోటినుంచే రావాలి. ఈ బరువు నామీదెందుకు పెట్టారో.

6 నవంబరు, శుక్రవారం, ఉదయం 6

నిద్ర లేదు. నా కొడుకు కెర్లో గిటారు మానేసి పాత ఇనుము ఏరుతున్నాడు. చెయ్యి తెగుతుందేమోనని భయం.

నిన్న మా ఆడబిడ్డ త్రౌటా కాఫీ తాగుతూ వాడి చెయ్యి పట్టుకుని చూసింది. తీగలు నొక్కి వేలికొసలకు కాచిన కాయలు పోయాయంది. ఇంకో చలికాలం గడిస్తే ఈ వేళ్ళు ఊళ్ళో గాజోల పిల్లలకు జడలు వేయడానికి పనికొస్తాయంది. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

వెళ్తూ వెళ్తూ నాతో అంది: "వదినా, మా అన్న పోయాడు. వీణ్ణి కూడా పోయాడనుకోమంటావా?"

సరేనంటే, అంత తొందరేమొచ్చిందని సమాధిలో ఆయనకు కోపమొస్తే? అనకపోతే వీడి చెయ్యి పాడవుతుంది. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తులేదు.

7 నవంబరు

వేసుకోలేదు.

15 నవంబరు, ఆదివారం, సాయంత్రం 5



ఎతియెన్ వచ్చాడు. మనవాడు కాదు, గాజో, ఊళ్ళో బడిపంతులు. మా ఆయన దగ్గర రెండేళ్ళు గిటారు నేర్చుకున్నాడు. మంచివాడే, మన పద్ధతులు తెలియవు. కబురు ఆలస్యంగా తెలిసిందట, పూలు తెచ్చాడు. పూలిచ్చి వెళ్ళినా బాగుండేది. నా కారవాను మెట్టుమీద కూర్చుని, గురువుగారి కోసం అంటూ తన గిటారు తీసి ఆ వాల్ట్జే ఎత్తుకున్నాడు.

త్రౌటా పిల్లలను బండిలోకి తోసి తలుపు వేసేసుకుంది. కెర్లో ఇనుము వేరుచేస్తున్నాడు. చేతిలో కడ్డీ అలాగే పట్టుకుని లేచాడు. ఒక్క దెబ్బ పడిందా, పోలీసులొస్తారు, చలికాలంలో మమ్మల్ని ఇక్కడినుంచి లేపేస్తారు. 

ఎతియెన్ తల వంచుకుని వాయిస్తూనే ఉన్నాడు. నడుమ రంధ్రం చిన్నగా ఉండే ఆ గిటారుకి గొంతు కొంచెం బొంగురు, మాట మాత్రం తెగ్గొట్టినట్టుంటుంది. పది నెలలైంది విని. ఒక్క స్వరం తప్పలేదు. కానీ పైస్వరాలనుంచి కిందికి దిగేచోట గబగబా దిగిపోయాడు. ఆయన అలా దిగడు. కొండదారిలో గుర్రాన్ని ఒక్కక్షణం నిలిపి దింపినట్టు దింపేవాడు.

కెర్లో అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నా నోరు నా మాట వినలేదు.

"అక్కడ ఆగాలి నాయనా. గుర్రం జారుతుంది."

అందరూ నావైపు చూశారు. నేనేమన్నానో అప్పుడు తెలిసింది. తప్పు దిద్దడమంటే వాయించమన్నట్టే కదా.

ఇంకేం మిగిలింది. "కెర్లో, అతనికి రావడంలేదు. నువ్వు చూపించు" అన్నాను.

 వాడు కడ్డీ గడ్డిలో పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని గిటారు అందుకున్నాడు. వేళ్ళు మొద్దుబారి రెండుసార్లు తడబడ్డాడు. దిగేచోట మాత్రం ఆగాడు.

త్రౌటా బండి తలుపు తీసింది.

16 నవంబరు

ఆయనకు కోపమొచ్చిందో లేదో తెలియలేదు. కెర్లో వేళ్ళకు బొబ్బలు. వేణ్ణీళ్ళు కాచి పెట్టాను. ముంచనన్నాడు. వేళ్ళు మెత్తబడతాయట.