బడిలో నీళ్ల కుండ

రంగమ్మా,

మొన్న నీ సంవత్సరికం జరిగింది. చుట్టాలు తిని వెళ్లిపోయారు. నాకేమీ అనిపించలేదు. ఈ రోజు పాపను బడిలో చేర్పించాను. జడలు నేనే వేశాను. ఒకటి వంకరగా వచ్చింది.

పాపకు నడక రాకముందే అనేదానివి: "ఏ బడన్నా కానీ, ముందు నీళ్ల కుండ చూడాల. దప్పికకు తాళలేకనే నేను మూడో తరగతిలో మానుకుంటి."

మన పేటలో మునిసిపల్ బడులు రెండు కదా, రెంటికీ వెళ్లాను. పెద్ద వీధిలోది మిద్దె. కింద నున్నటి బండలు, గోడకు గడియారం. పిల్లలు ఎక్కాలు గడగడా ఒప్పజెబుతున్నారు. అక్కడే చేర్చేద్దామనుకున్నాను. వస్తూ వస్తూ కుండ మూత తీశాను. అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు.

రెండోది తుంగభద్ర వైపు కొట్టం. కప్పు మీది గడ్డి పలకల మీద రాలుతోంది. కుండ చుట్టూ నేల మాత్రం తడిగా ఉంది. పిల్లలు గ్లాసు కోసం వరుసలో నిలబడి ఉన్నారు.

నేను అటూ ఇటూ చూస్తుంటే అయ్యవారు అన్నాడు: "తొందరేముండాదప్పా? పాప వాళ్లమ్మను అడిగి రేపు రా."

"అడిగినా సార్. ఈడనే చేర్చమనింది" అన్నాను.

పాప తలెత్తి నా మొహంలోకి చూసింది. నా వేలు వదిలి, వెళ్లి ఆ వరుసలో చివర నిలబడింది.