ఏడో పాటలో మావయ్య గొంతు

మావయ్యా,

చెవులు దద్దరిల్లే రాక్ వాయించే మా గ్రైండ్‌కోర్ బ్యాండు మొదటి ఆల్బమ్ వచ్చేసింది. పద్దెనిమిది పాటలు, మొత్తం పదిహేను నిమిషాలు. ఇరుగుపొరుగు గొడవకు రాకుండా మీ పిండిమర హోరు చాటున, వెనక గదిలో రికార్డు చేసుకున్నామే, అదే. ఏడో పాటలో నా అరుపు విని మీరు మోటారు ఆపేసి పరిగెత్తుకొచ్చారు. "ఎవరి చెయ్యైనా బెల్టులో పడిందా?" అని అడిగారు. నాకు సిగ్గేసి, ఏం లేదన్నాను. మీ ప్రశ్నను మాత్రం పాటలో అలాగే ఉంచేశాం.

నిన్న మా కచేరీకి ఆల్బమ్ విన్నవాళ్లు అరవైమంది వచ్చారు. ఏడో పాటలో ఆ చోటు రాగానే అందరూ ఒక్క గొంతుతో అదే ప్రశ్న అడిగారు. ఈసారి తలెత్తి మైకులో జవాబు చెప్పాను. "లేదు మావయ్యా, పాడుతున్నాను."

క్యాసెట్ పంపుతున్నాను. మర ఆపి వినండి.

మీ మేనకోడలు