అమ్మమ్మ ఇంటి ప్లగ్గు

చిరంజీవి మనవరాలికి,
అమ్మమ్మ ఆశీస్సులు.

నీ కారు ఛార్జింగ్ ఆగి ఆగి ఎక్కడానికి మా ఇంటి కరెంటే కారణమని రాశావు. తప్పు. మా కరెంటుకి నీకంటే క్రమశిక్షణ ఎక్కువ. ఆదివారం పొద్దున్నే వస్తావు, కారుకి వైరు తగిలిస్తావు, నాతో రెండు ముక్కలు మాట్లాడి ఫోనులో తల దూరుస్తావు. నీకంటే ఆ కారే నయం, గేటు దగ్గర నన్ను చూస్తూ నిలబడుతుంది.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క. మీ ఆఫీసు నడిస్తే ఇరవై నిమిషాలు. కారులో నలభై నిమిషాలు వెళ్తున్నావు. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పాను, ఈ లెక్క మాత్రం తేలడం లేదు.

అమ్మమ్మకి నమస్కారాలు.

నీ కోపం అర్థమైంది. నా కారు నీకు భారమైపోయింది. పోయిన ఆదివారం మధ్యాహ్నానికి నిండాల్సిన బ్యాటరీ సాయంత్రానికీ నిండలేదు. వైరింగు పాతబడిందేమో. ఎలక్ట్రీషియన్ని పంపుతున్నాను.

నీ మనవరాలు

తా.క. నడిస్తే చెమట పడుతుంది అమ్మమ్మా. కారులో ఏసీ ఉంది.

చిరంజీవికి,

భారమని నేనెప్పుడన్నాను? చిన్నప్పుడూ ఇంతే, ప్రశ్న ఒకటైతే నీ జవాబు ఇంకోటి. ఎలక్ట్రీషియన్ వచ్చి గోడలన్నీ తట్టి, వైరింగు భేషుగ్గా ఉందన్నాడు. ఆపైన నావైపు చూసి ఏదో అడగబోయాడు. కాఫీ గ్లాసు చేతిలో పెట్టి సాగనంపాను.

అమ్మమ్మ

తా.క. చల్లదనమే కావాలంటే మా ఫ్రిజ్ ఖాళీగానే ఉంది, వచ్చి కూర్చో.

అమ్మమ్మకి,

ఇక నిన్ను ఇబ్బంది పెట్టను. మా అపార్ట్‌మెంటులోనే ఛార్జింగ్ పాయింటు పెట్టమని అర్జీ ఇచ్చాను. వచ్చే వారమే పెట్టిస్తానని సంఘం కార్యదర్శి మాటిచ్చారు. ఆదివారాలు నువ్వు హాయిగా పడుకోవచ్చు.

నీ మనవరాలు

తా.క. ఇప్పుడు సంతోషమేనా?

చిరంజీవికి,

కాదు.

మీ కార్యదర్శి ఎనిమిదో తరగతి లెక్కలు నా దగ్గరే చదివాడు. నిన్న ఫోను చేస్తే, “చెప్పండి మేడమ్” అన్న తీరుకే లేచి నిలబడ్డాడని తెలిసిపోయింది. నీ పాయింటు పని ప్రస్తుతానికి ఆపాడు.

ఇక నిజం విను. మా ఇంట్లో స్విచ్చు ఆపిందీ నేనే. నువ్వు ఫోనులో ఉండగా ఆపి, లేచే ముందు మళ్లీ వేసేదాన్ని. బ్యాటరీ నిండితే వెళ్లిపోతావు కదా! పోయిన ఆదివారం అది నిండక, విసుగెత్తి ఫోను పక్కన పడేసి నాతో చదరంగం ఆడావు. మూడు ఆటలూ ఓడావు. ఎంత నవ్వావో గుర్తుందా?

కావాలంటే మీ కార్యదర్శికి రేపే చెప్పి పాయింటు పెట్టిస్తాను. వైరు తగిలించే పని లేకపోయినా వస్తావా, అది చెప్పు.

అమ్మమ్మ

తా.క. వచ్చేట్టయితే బస్సులో రా. మా బస్టాపు వెనక సందులో గొడుగులు బాగుచేసే అతని దగ్గర నా నల్ల గొడుగు ఉంది. ఒకసారి తెరిచి, మూసి, పిడి గట్టిగా బిగించాడో లేదో చూసి మరీ తీసుకురా. ఆ సందులో నీ కారు పట్టదు. సందు వెడల్పు టేపు పెట్టి కొలిచాకే గొడుగు అక్కడ ఇచ్చాను.