పేరు చెప్పని ప్రార్థన మనవి

జూన్ 29

పైకి ప్రార్థన చేయాలంటే భయం వేస్తోంది. నిన్న చర్చి స్త్రీల కూడికలో నా నోరు చేసిన పని అలాంటిది. అందుకే కలం పట్టాను.

అక్క కూతురు కెజియా నాకొక్కదానికే చెప్పింది. క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో పిల్లలకు పరీక్ష ప్యాకెట్లు ఇచ్చారట. హాస్టల్ బాత్‌రూంలో తలుపేసుకుని, దూదిపుల్లతో తనకు తానే నమూనా తీసుకుని, సెంటర్ డబ్బాలో వేసి వచ్చింది. ఎవరూ చూడలేదు. ఫలితం ఫోన్‌కే వచ్చింది. సుఖవ్యాధి... రాయడానికి చేయి రావడం లేదు.

"మందులతోని పోతదంట పిన్నీ. అమ్మకైతే తెల్వొద్దు. చదువు బంద్ చేయిస్తది."

ఎవరి కంటా పడకుండా ఆ పిల్ల చేసుకున్నదాన్ని నేను ప్రార్థన మనవిగా చెప్పాను. పేరు చెప్పలేదు. హాస్టల్లో ఉండే మా అక్క కూతురికి, పెళ్ళికాని పిల్లకు రాకూడని జబ్బు... అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

జూన్ 30

క్యారియర్ పట్టుకుని హాస్టల్‌కు వెళ్ళాను. కెజియా గేటు దగ్గరే ఆపేసింది. చర్చి పిల్లెవరో అప్పటికే తనకు ఫోన్ చేసి చెప్పిందట.

"నీ పేరు ఎత్తలేదు తల్లీ..."

"నీకు ఎంతమంది అక్కలున్నరు పిన్నీ?"

ఒక్కతే.

అన్నం తీసుకోలేదు. తార్నాకలో ఇంటిదాకా మోసుకొచ్చాను.

జూలై 1

మందు వేసుకుంటోందో లేదో. ఫోన్ ఎత్తదు.

జూలై 2

మెట్టుగూడ నుంచి అక్క ఫోన్ — "నీ అక్క కూతురంటే ఎవరే? నా పిల్లేగా?" రేపు వస్తానంది.

జూలై 3

అక్క వచ్చింది. చెప్పులైనా విప్పలేదు. "నిజం చెప్పు కరుణా."

"జబ్బు నాది అక్కా. సిగ్గేసి... పిల్ల మీద పెట్టి చెప్పాను."

కూలబడింది. "అయితే పోయిన మా మరిదేనా నీకు అంటించింది? అంత భక్తిపరుడు!"

కాదు అనాలి. అనలేదు. తల దించుకున్నాను.

టీ ఇచ్చాను. గ్లాసు ముట్టుకోలేదు.

సాయంత్రం కెజియా ఫోన్. "అమ్మ ఏడుస్తుంది. ఏం చెప్పినవ్?" మందు వేసుకున్నావా అని మాత్రం అడిగాను. పెట్టేసింది.

జూలై 4

రేపు చర్చిలో ప్రభు బల్ల. ఈ అబద్ధం పెట్టుకుని రొట్టె ఎలా అందుకోను? ఒప్పుకుంటే పిల్ల బయటపడుతుంది. ఊరుకుంటే నింద మా ఆయన మీద... తిరిగి మాట్లాడలేని మనిషి.

ఈ పేజీలు చించేద్దామనుకున్నాను. చించను. మా ఆయన ఏ పాపం ఎరుగడని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఇవి ఉండనీ ప్రభువా. ఎవరికీ చూపించకు — అక్కకు అసలే.