మామూలు జుట్టు

ప్రియమైన అమ్మకి,

ఫోన్ చేస్తే ఊఁ, ఆఁ తప్ప నా నోట్లోంచి ఇంకేమీ రాదని, ఉత్తరమే రాయమన్నావు కదా. రాస్తున్నాను. యూనివర్సిటీ చాలా పెద్దది. హాస్టల్లో నాకు మేడమీద గది ఇచ్చారు, ఒక్కదాన్నే. కిటికీ తీస్తే సైకిళ్ల షెడ్డు కనిపిస్తుంది. జంతుశాస్త్రం క్లాసులు బాగున్నాయి.

నువ్వు బెంగపెట్టుకోకు. నాకు అప్పుడే ఒక స్నేహితురాలు దొరికింది. క్లాసులో పక్కనే కూర్చుంటుంది. చాలా మంచిది, నవ్వు బాగుంటుంది. భోజనానికి ఇద్దరం కలిసే వెళ్తాం. తను మాట్లాడుతుంది, నేను వింటాను.

ఒక్కటే గండం. సెలవులకి ముందు ప్రతి ఒక్కరూ క్లాసు ముందు నిలబడి ఏదో ఒక విషయం చెప్పాలట. చెప్పకపోతే ఆ పేపరు తప్పినట్టేనట. నా వంతుకి వానపాములు వచ్చాయి.

నీ నత్త


నోరుండీ వాడని నా నత్తకి,

నీ ఉత్తరం మీ నాన్న ఒకసారి, నేను ఒకసారి, మళ్లీ ఇద్దరం కలిసి చదువుకున్నాం. మన బ్యూటీ పార్లర్లో అందరూ నిన్నే అడుగుతున్నారు. తల రుద్దే అమ్మాయి ఏదీ అంటారు, నేను రుద్దితే పీకినట్టుంటుందట. టైలరమ్మ ఇంట్లో సొంతంగా రంగు వేసుకుని చెవులు కూడా నల్లగా చేసుకొచ్చింది. నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఇల్లు మూగబోయిందని మీ నాన్న పొద్దస్తమానం రేడియో పెడుతున్నాడు. నువ్వున్నప్పుడు మాత్రం ఏం గలగలలాడిందని అంటే నా మీద అలిగాడు.

ఇంతకీ స్నేహితురాలి గురించి అంతా రాసి జుట్టు సంగతి రాయలేదేం? వంకీలా? జారిపోయే జుట్టా? చివర్లు చిట్లాయా? మనింట్లో మనిషిని గుర్తుపెట్టుకునేదే దాన్నిబట్టి కదా. బళ్లో కొత్త టీచరు ఎవరే అని అడిగితే 'పక్కపాపిట ఆవిడ' అన్నదానివి నువ్వు.

ఆ పిల్లని అడిగానని చెప్పు.

మీ అమ్మ


అమ్మకి,

తనది మామూలు జుట్టే.

అమ్మా, నేను ఇంటికి వచ్చేయనా? ఇక్కడి చదువు నాకు కుదిరేలా లేదు. నీకు పార్లర్లో చేదోడుగా ఉంటాను. ఆ వానపాముల పాఠం తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. నాన్నకి నువ్వే ఎలాగో నచ్చజెప్పు.

నత్త


నా బంగారుతల్లికి,

మామూలు జుట్టట. ఇన్నేళ్లలో ఎన్ని తలలు పట్టుకున్నానో, మామూలు జుట్టు నాకు ఒక్కటీ తగల్లేదే పిచ్చిమొద్దూ. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే అనుమానం వచ్చింది, రెండోదానితో తేలిపోయింది. ఆ పిల్ల లేదు. నాకు బెంగ లేకుండా చేయాలని నువ్వే పుట్టించావు. ఎంత ఒంటరిగా ఉంటే ఆ పని చేశావో తల్లీ. కోపం మాత్రం లేదు, దేవుడి మీద ఒట్టు.

ఇంటికి వస్తానంటే రా. నీ మంచం నీకుంది. కానీ ఒక్క మాట విను. పెద్దజడ బ్యాంకావిడ తల రుద్దుతూ, వానపాముకి కళ్లు లేకపోయినా వెలుతురు ఎటుందో తెలుస్తుందని చెప్పింది ఎవరు? పాపం ఆవిడ కళ్లలో షాంపూ పడినా కదలకుండా విన్నది. నీకు మనుషులంటే భయం కాదు, మొహాలంటే భయం. మనిషి వెనక నిలబడితే నిన్ను ఆపడం నావల్లే కాదు.

నా చిన్న కత్తెర, దువ్వెన పార్సిల్ చేస్తున్నాను. ఒక్క తల కత్తిరించు. అప్పటికీ రావాలనిపిస్తే మీ నాన్నని పంపిస్తాను, పెట్టె మోసుకొస్తాడు.

మీ అమ్మ


నత్తా,

పార్సిల్ అందిందా? ఉత్తరం లేదు, ఫోన్ చేస్తే 'బాగున్నా, రాస్తా' అని పెట్టేస్తున్నావు. మీ నాన్న గేటు చప్పుడైతే చాలు లేచి వెళ్తున్నాడు. పెట్టె కోసం బయలుదేరమంటావా? ఏదో ఒకటి రాయి తల్లీ.

అమ్మ


ప్రియాతిప్రియమైన అమ్మకి,

ముందు జుట్టు గురించి రాస్తాను, లేకపోతే నువ్వు నమ్మవు. దట్టంగా, ముతగ్గా ఉంటుంది. తడిపితే తప్ప దువ్వెన దిగదు. నడినెత్తిన రెండు సుడులు, ఒకటి అటు, ఒకటి ఇటు. అందుకే పాపిట ఎక్కడ తీసినా నిలవదు. ఎడమచెవి వెనక పుట్టుమచ్చ ఉంది. పక్కగది అమ్మాయిది. తనదీ నా క్లాసే.

నీ కత్తెర వచ్చాక దాన్ని బయటికి తీసే ధైర్యం లేక దిండు కింద దాచాను. ఒకరోజు వరండాలో ఈ పిల్ల జుట్టుకి చూయింగ్ గమ్ అంటుకుని, పీక్కుంటూ ఏడుస్తోంది. చుట్టూ చేరినవాళ్లు తలో సలహా ఇస్తున్నారు. ఒకమ్మాయి కూరగాయల కత్తి తెచ్చింది. అది చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ కత్తి అవతల పెట్టండి, ఒక కుర్చీ తీసుకురండి" అని ఎవరో గట్టిగా అన్నారు. చూద్దును కదా, నేనే.

ఇక కత్తిరించినంతసేపూ ఏం మాట్లాడానో నాకే తెలియదు. వానపాములు, నువ్వు, టైలరమ్మ చెవులు, అన్నీ. ఆ తర్వాత హాస్టల్లో సగంమంది కుర్చీ ఎత్తుకుని నా గదికి రావడం మొదలుపెట్టారు. రాయడానికి తీరిక లేదంటే నమ్ము. నువ్వన్న మొహాల భయం సంగతి కూడా పక్కగది పిల్లకి చెప్పాను.

నిన్ననే నా పాఠం. ముందుకెళ్లి నిలబడ్డాను. అన్ని మొహాలూ నావైపే. ఇంతలో తను మొదటి బెంచీలోకి వచ్చి, వెనక్కి తిరిగి, నాకు వీపు పెట్టి కూర్చుంది. ఇదేం కూర్చోవడమని సార్ అడిగారు.

"తనకి జుట్టు కనిపిస్తేనే మాట వస్తుంది సార్. కాసేపు ఇలా ఉండనివ్వండి."

క్లాసంతా గొల్లుమంది. సార్ తన బట్టతల నిమురుకుని, అయితే నావల్ల ఉపయోగం లేదన్నమాట, కానివ్వమ్మా అన్నారు.

ఆ రెండు సుడుల వైపే చూస్తూ మొదలుపెట్టాను. ఆఖరున ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నాను. మొదటి బెంచీలో చెయ్యి లేచింది. చూస్తే తనే. నాకు ఎదురుగా, నా మొహంలోకి చూస్తూ కూర్చుని ఉంది. ఎప్పుడు తిరిగావే అని తర్వాత అడిగాను. ఎప్పుడో, వానపాముకి కళ్లుండవని నువ్వు చెప్తున్నప్పుడే అంది. నేను గమనించనే లేదమ్మా.

నాన్నని పెట్టె కోసం పంపకు. సెలవులకి ఇద్దరం వస్తాం. పార్లర్లో రెండో కుర్చీ ఖాళీగా ఉంచు. తన జుట్టు కుడివైపు నేను కాస్త వంకరగా కత్తిరించాను, ఇంకా తనకి తెలియదు. నువ్వు చూడగానే నవ్వేయకు.

నీ నత్త